మా కుక్కకు పది రోజుల లీవు

మా ఇంటాయనకు ఆటలమ్మ పోసిన రెండో రోజు పొద్దున చూస్తే, గుమ్మానికి కట్టిన వేపమండలు లేవు. "ఎవురు తీసినారు? అమ్మవారికి కట్టింది ఎవురు తీసినారు?" అని మా అత్త వీధంతా వినపడేట్టు అరిచింది. తీసినోడు మంచం కింద ఉండాడు. ఆకులు నములుతా, చేదుకు మూతి వంకర పెడతా, ఉమ్మేసి మళ్ళీ నములుతా ఉండాడు. వాడే మా కుక్క.

మాది మూకండపల్లిలో ఒకే వరసలో ఉండే ఆరు ఇండ్లలో మూడోది. ఆరింటికీ ఒకటే నడవ. మా ఇంటాయన ఒక కంపెనీలో మెషిన్ ఆపరేటరు, నేను ఇంకో కంపెనీలో ప్యాకింగు. ఇద్దరికీ షిఫ్టులే. మా అత్త ముందంతా సూళగిరి పక్క కొండల్లో గొర్రెలు మేపేది. గొర్రెలు అమ్మేసినాక మా దగ్గరికి వచ్చేసింది. ఆమె వచ్చిన కొన్నాళ్ళకు మా ఇంటాయన కంపెనీ క్యాంటీన్ వెనక దొరికిన కుక్కపిల్లను టిఫిన్ బ్యాగులో పెట్టుకొని వచ్చినాడు. ఎర్రగా ఉండాది, ఒక చెవి నిలబడి, ఒక చెవి వాలి. "గొర్రెలు లేక నీకు పొద్దు పోవడం లేదు కదమ్మా, ఇదిగో" అన్నాడు. మా అత్త ఆ పిల్లను ఒళ్ళో పెట్టుకున్నప్పుడే నేను అనుకున్నాను, ఇంక మా ఇంట్లో మా మాట చెల్లదు అని.

వాడికి పేర్లు మూడు. మా ఇంటాయన ఒక సినిమా హీరో పేరు పెట్టినాడు. నేను నా నోటికి సులువుగా వచ్చే పేరొకటి పెట్టినాను. మా అత్త తన మందలో చచ్చిపోయిన పాత కుక్క పేరు పెట్టింది. మూడిట్లో ఏ పేరు పెట్టి పిలిచినా పలకడు. గిన్నె చప్పుడుకు మాత్రం యాడ ఉన్నా వచ్చేస్తాడు.

వాడు కరవడు. ఆ ఒక్కటి తప్ప అన్నీ చేస్తాడు. ఆరిండ్ల చెప్పులూ ఎత్తుకొస్తాడు, అదీ జతగా కాదు, ఒంటి చెప్పు. కంపెనీ బస్సు వస్తే అరుస్తాడు, పోతే అరుస్తాడు. పక్కింట్లో కుక్కర్ విజిలేస్తే అరుస్తాడు. నేను తింటా ఉంటే నా పళ్ళెం దగ్గర, మా ఇంటాయన తింటా ఉంటే ఆయన పళ్ళెం దగ్గర, మా అత్త తింటా ఉంటే పళ్ళెంలోనే. "వాడి నోరు చూస్తే నాకు ముద్ద దిగదు" అంటుంది ఆమె. వాడికి మాత్రం అందరి ముద్దలూ బాగానే దిగుతాయి.

ఇట్లా ఉండేటప్పుడు మా ఇంటాయనకు, నలభై ఆరేండ్ల మనిషికి, చిన్నపిల్లలకు వచ్చే ఆటలమ్మ వచ్చింది. ఒళ్ళంతా పొక్కులు. కింద చాప మీద వేపాకు పరిచి పడుకోబెట్టినాము. ఇంట్లో తాళింపు వేయకూడదు, గట్టిగా మాట్లాడకూడదు, ఎవురూ రాకూడదు, మనం ఎవురింటికీ పోకూడదు. ఇవన్నీ మా అత్త పెట్టిన చట్టాలు. మా కంపెనీ సూపర్వైజరు కూడా నన్ను "అంతా సరిపోయినాక రాండి" అని పంపించేసినాడు. చట్టాలు లెక్కచేయనోడు ఒక్కడే. తలుపు గీకుతాడు. తెరిస్తే పోయి ఆయన చేతి మీద పొక్కులు నాకుతాడు. ఆయన కేక పెడతాడు. ఆయన కేకకు వాడు అరుస్తాడు. వాడి అరుపుకు మా అత్త "అమ్మవారికి గలాటా పనికిరాదురా" అని ఇద్దరికంటే గట్టిగా అరుస్తుంది.

మూడో రోజుకు నాకు బేజారైపోయింది. ప్యాకింగులో నాతో పనిచేసే ఆమెకు ఫోన్ చేసినాను. వాళ్ళు ఊరికి పోయినప్పుడు వాళ్ళ కుక్కను యాడనో వదులుతారని తెలుసు. "బాగలూరు దగ్గర ఒకాయన పెట్టుకుంటాడు. పశువుల ఆస్పత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరైనాడు. భయపడకుండా వదులు" అనింది. ఆయనకు ఫోన్ చేస్తే రెండే అడిగినాడు. ఒకటి, సూదులు వేయించిన కార్డు. రెండు, "ఇంటి వాసన ఉండే గుడ్డ ఒకటి తీసుకురామ్మా. ఉతికింది వద్దు."

కార్డు ఉండాది. గుడ్డకు మా అత్త ఉతకడానికి విప్పేసిన గళ్ళచీర బుట్టలోంచి తీసినాను. ఆకువక్క వాసన, పొగ వాసన, ఆమె వాసన, అన్నీ దాంట్లోనే ఉండాయి. ఆమెను అడగలేదు. అడిగితే చీర ఎందుకు అని అడుగుతుంది, అది చెప్తే కుక్క యాడికి అని అడుగుతుంది. కుక్కలకు లాడ్జీలా అని మొదలుపెడితే ఆటలమ్మ దిగినాక కూడా ఆపదు. అందుకని మా ఇంటాయనకు మాత్రం నిజం చెప్పి, ఆమెతో "బేరికెలో మా అక్క వాళ్ళ తోటలో వదిలిపెట్టి వస్తాను అత్తా" అని అబద్ధం చెప్పినాను.

"మీ అక్కకు మేకలుండాయి కదా. ఈడు తరుముతాడేమో."

"మేకలు అమ్మేసినారు అత్తా."

మొదటి అబద్ధానికి రెండోది ఎంత తొందరగా తోడొచ్చిందో నాకే ఆశ్చర్యమైంది.

బాగలూరు దాటినాక ఆటో మట్టిదారిలో దిగింది. ఒకప్పుడు రోజాలు పెంచిన పచ్చనెట్టు షెడ్లనే ఆయన గదులుగా చేసినాడు. ఒక్కో గదికి గచ్చు, పడుకోడానికి ఒక మంచె, మట్టితొట్లో నీళ్ళు. పక్కన ఇంకా నాలుగు సాళ్ళు రోజాలు ఉండాయి. వాసన లేదు, మురికి లేదు. మా నడవకంటే శుభ్రంగా ఉండాదని ఒప్పుకోవడానికి నాకు రోషమొచ్చింది.

ఆయన స్టూలు మీద కూర్చొని నోటుపుస్తకం తెరిచినాడు. "వీడి పేరేమమ్మా?"

"ఏది రాసుకుంటారన్నా? మూడుండాయి."

పెన్ను ఆపి నన్ను చూసినాడు. "తిండి ఎన్ని గంటలకు?"

"మేము తిన్నప్పుడు."

"మీరెన్ని గంటలకు తింటారు?"

"మూడు షిఫ్టులు కదన్నా. ఎవురో ఒకరు ఎప్పుడూ తింటానే ఉంటాము."

"పగలు ఎంతసేపు నిద్రపోతాడు?"

నేను ఆలోచన చేసినాను. కన్ను మూసి పడుకోవడం చూసినాను. ఎవురైనా లేస్తే చాలు, వాడూ లేస్తాడు. "వాడు పగలు నిద్రపోగా నేను చూడలేదన్నా" అన్నాను. అది గొప్ప అనుకొనే చెప్పినాను, కావలికుక్క కదా అని.

ఆయన పుస్తకం మూసేసినాడు. వాడు అప్పటికే ఆయన చెప్పు ఒకటి ఎత్తుకొని గేటు దగ్గర నిలబడి ఉండాడు. ఆయన తరమలేదు, అరవలేదు. రెండో చెప్పు కూడా విప్పి పక్కన పెట్టి, ఉత్తకాళ్ళతో గది వైపు నడిచినాడు. మా వాడికి ఏం చేయాలో తోచలేదు. తరిమేవాళ్ళు లేకపోతే చెప్పుకు రుచి ఉండదు కదా. దాన్ని కింద పడేసి ఆయన వెనకాలే పోయినాడు.

నేను తిరిగి వచ్చేటప్పుడు వాడు వేసిన కూత ఆటో రోడ్డెక్కేదాకా వినపడింది. ఆటోలో ఏడ్చినాను. ఇంటికొచ్చి, వేపాకు పొగకు కండ్లు మండినాయని చెప్పినాను. అది మూడో అబద్ధం.

ఆ తర్వాత నాకు అబద్ధాలు చెప్పడమే ఒక డ్యూటీ అయిపోయింది. "ఈ పొద్దు ఏం తిన్నాడంట?" అని మా అత్త అడుగుతుంది. "అక్క రాగిసంగటి పెట్టిందంట." నిజానికి కాంపౌండరన్న ఫోన్లో చెప్పింది, ఏమీ తినలేదు అని. రెండు రోజులు కంచె పొడుగునా తిరగడమే పని అంట. "కంగారు పడద్దమ్మా. బలవంతం చేయను. వాడి పక్కన వీపు తిప్పుకొని కూర్చుంటా ఉండాను. వాడే వస్తాడు." మూడో రోజు సాయంత్రం తిన్నాడు. ఆ ముక్క వినేసరికి నేను పెరుగన్నం పెద్ద ముద్ద మింగినాను. రెండు రోజులుగా నాకూ సరిగా దిగలేదని అప్పుడే తెలిసింది.

నాలుగో రోజు ఆయన వీడియో పంపినాడు. మా వాడు తిరుగుతా ఉండాడు, తోక కూడా ఊపుతా ఉండాడు. నాకు సంతోషం ఆగలేదు. బుద్ధి లేక మా అత్తకు చూపించినాను.

ఆమె ఫోన్‌ను కండ్లకు దగ్గరగా పెట్టుకొని చూసింది. మళ్ళీ చూసింది. "మీ అక్క తోటలో రోజాలెప్పుడు పెట్టినారు?"

"కొత్తగా అత్తా."

"ఆ వెనక, గుర్రమంత కుక్క?"

"పక్కతోట వాళ్ళది అత్తా."

"ఊఁ" అనింది. "ఆ మంచె మీద నా గళ్ళచీర కూడా పక్కతోట వాళ్ళదేనా?"

నేను కొబ్బరిబోండాం తెస్తానని చెప్పి అంగడికి పరిగెత్తినాను.

నేను లేనప్పుడు ఏం జరిగిందో మా ఇంటాయన తర్వాత చెప్పినాడు. ఆయనకు వీపు మీద దురద ఎక్కువ. గోరు తగలకూడదు, వేపమండతో మెల్లగా తుడవాలి. మా అత్త మండ పట్టుకొని పక్కన కూర్చుందంట, తుడవలేదంట. "కుక్క యాడ?" అని అడిగిందంట.

"తుడువమ్మా."

"కుక్క యాడ?"

ఈయన అర నిమిషం కూడా నిలబడలేదు. బాగలూరు, మట్టిదారి, రోజా షెడ్లు, కాంపౌండరు, అన్నీ కక్కేసినాడు. "అమ్మవారి మీద ఒట్టు, దురద తట్టుకోలేకపోయినాను" అన్నాడు నాతో. పొక్కులు నిండిన మొగాన్ని ఏమని తిట్టేది?

మరుసటి రోజు తొమ్మిది గంటలకు మా అత్త "వేపాకు కోసుకొస్తాను" అని సంచి తీసుకొని పోయింది. వేపచెట్టు వీధి చివరే. పదకొండైనా రాలేదు. అప్పుడే ఫోన్ మోగింది.

"అమ్మా, ఈడ కంచె పక్కన రోజాల్లో ఎవురో పెద్దామె కూర్చొని ఉండాది. గంటైంది. ఎవురక్కా అంటే, నేను ఈడ లేననుకో, నీ పని నువ్వు చూసుకో అంటా ఉండాది. మీ వాళ్ళేనా?"

పక్కింటామె స్కూటీ అడిగి తీసుకొని పోయినాను. మా అత్త నిజంగానే రోజాసాళ్ళ మధ్య కొంగు తలమీద వేసుకొని కూర్చొని ఉండాది. నన్ను చూసి తప్పు చేసినట్టు కాదు, నా అబద్ధాన్ని పట్టుకున్నట్టు చూసింది.

"ఎవురింటికీ పోకూడదని నువ్వే కదా చెప్పింది అత్తా!"

"ఇంట్లోకి పోలేదే. కంచె బయట ఉండాను. అమ్మవారికి అన్నీ తెలుసు."

కాంపౌండరన్న నోటి మీద వేలు పెట్టినాడు. "పేరు పెట్టి పిలవద్దండి. మిమ్మల్ని చూస్తే వాడి మనసంతా ఇంటి మీదికి పోతాది. ఊరికే చూడండి." నెట్టు సందులోంచి చూసినాము. షెడ్లన్నిటికీ తెరలు దించి ఉండాయి. పదకొండు నుంచి మూడు దాకా ఆడ ఎవురూ మాట్లాడరంట, గిన్నె కూడా చప్పుడు చేయరంట. మా వాడు గళ్ళచీర మీద వెల్లకిలా పడుకొని ఉండాడు. నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకు పారేసి, నోరు కొంచెం తెరిచి. నిలబడే చెవి కూడా వాలిపోయి ఉండాది. గురక పెడతా ఉండాడు.

"నన్ను మరిచిపోయినాడు" అనింది మా అత్త.

"మరిచిపోతే ఆ చీర మీదెందుకు పడుకుంటాడక్కా?" అన్నాడాయన. మమ్మల్ని పక్కకు తీసుకుపోయి టీ ఇచ్చినాడు. "కోపం చేసుకోవద్దండి. మీ ఇంట్లో వీడు డ్యూటీలో ఉండాడు. ఆయన ఫస్టు షిఫ్టుకు పోతే లేస్తాడు, ఈమె సెకండు షిఫ్టు నుంచి వస్తే లేస్తాడు, నువ్వు నీళ్ళకు లేస్తే లేస్తాడు. మీకు ఒక్కో షిఫ్టే. వాడు మూడూ చేస్తా ఉండాడు. డ్యూటీ అయిపోయిందని వాడికి చెప్పేవాళ్ళు లేరు. నిద్ర లేని మనిషికి చిరాకు రాదా? వాడికీ అంతే. ఆ అరుపులూ ఆ చెప్పులూ అల్లరి కాదు, చాలావరకు నిద్రలేమి. ఈడ లీవులో ఉండాడు. టయానికి తిండి, టయానికి నడక, మిగతా టయం ఎవురూ వాడిని ఏమీ అడగరు."

నైట్ షిఫ్టు నుంచి వచ్చి పడుకున్నప్పుడు ఎవురైనా తలుపు కొడితే నాకెంత మంట పుడుతుందో నాకు తెలుసు. వాడికి మూడేండ్లుగా ఎవురో ఒకరు తలుపు కొడతానే ఉండాము.

మా అత్త మెల్లగా అనింది: "మా మంద కుక్కలు పగలంతా బండ నీడలో పడుకునేవి. వాటిని తొక్కితే మా మామ కర్ర తీసేవాడు. నాకు తెలుసప్పా. తెలిసే మరిచిపోయినాను."

అప్పుడు యాడనో క్వారీలో పేలుడు వినిపించింది. ఆ గుర్రమంత కుక్క, బెంగుళూరు వాళ్ళదంట, గదిలో గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. ఆయన లేచేలోగా మా అత్త లేచింది. నెట్టు దగ్గర కూలబడి, నాలుకను అంగిలికి ఆనించి ఒక చప్పుడు చేసింది. గొర్రెలు బెదిరినప్పుడు చేసేదంట. ఇన్నేండ్లలో నేనెప్పుడూ వినలేదు, గొర్రెలు లేని ఇంట్లో దాని అవసరం రాలేదు కదా. ఆ కుక్క నిలిచిపోయింది. చెవులు ముందుకు పెట్టింది. దగ్గరికొచ్చి ఒళ్ళు నెట్టుకు ఆనించి కూర్చుంది. కాంపౌండరన్న నన్ను చూసినాడు. నేను మా అత్తను కొత్తగా చూసినాను.

స్కూటీ మీద వచ్చేటప్పుడు వెనక నుంచి ఆమె చెవి దగ్గర అనింది, "మే, మీ అక్క మేకలు నిజంగా అమ్మేసిందా?"

"లేదత్తా. అన్నీ ఉండాయి."

"అట్లా చెప్పు. నాకు ఆ దిగులు ఒకటి పట్టుకొని ఉండాది."

వాడిని వదిలిన పదో రోజు మా ఇంటాయనకు తలకు నీళ్ళు పోసినాము. ఆ తర్వాతే పోయి వాడిని తీసుకొచ్చినాము. గేటు తీయగానే వాడు మా అత్త మీదికి ఎగిరి, నా మీదికి ఎగిరి, ఊళ పెట్టి, నేల మీద దొర్లి చేయాల్సినదంతా చేసినాడు. తర్వాత కూర్చున్నాడు. ఉత్తగా కూర్చున్నాడు! నాలుగు రోజులు మా ఇంట్లో దేవుడు తిరిగినట్టు ఉండాది. కంపెనీ బస్సు వస్తే తల ఎత్తి చూసి దించేస్తాడు. మేము తింటా ఉంటే మూల కూర్చొని గోడ చూస్తాడు. పక్కింటామె వచ్చి, "ఏమమ్మా, కుక్కకు ఒంట్లో బాగా లేదా?" అని అడిగింది.

అయిదో రోజు మళ్ళీ ఒంటి చెప్పు కనపడింది. నాకు అనుమానం వచ్చి చాటుగా నిలబడి చూసినాను. మా ఇంటాయన లుంగీ మడతలోంచి బిస్కెట్లు తీసి, ఒకటి తను తింటా, ఒకటి వాడికి పెడతా ఉండాడు. "పాపం, లాడ్జీలో చిక్కిపోయినాడు" అంటా ఉండాడు. తూకం వేయిస్తే వాడు కొంచెం లావైనాడే గాని చిక్కలేదు.

మా అత్త దండెత్తింది. కాంపౌండరన్న పుస్తకంలో ఉన్న టయాలన్నీ నా చేత క్యాలెండరు వెనక రాయించి గోడకు తగిలించింది. పేర్లు మూడూ రద్దు. కాంపౌండరన్న ఆడ తనే పెట్టి పిలిచిన పేరే, ఆ ఒక్కటే. మూడు పేర్ల వాళ్ళమూ కొన్నాళ్ళు మూతి ముడుచుకున్నాము, కానీ వాడు పిలిస్తే వస్తా ఉండాడు, ఏం చేసేది? బియ్యం డ్రమ్ము పక్కన వాడికి చోటు, ఆడ పడుకుంటే ఇంట్లో ఎవురూ ముట్టుకోకూడదు. షిఫ్టుకు పోయేటప్పుడు ప్రతి ఒక్కరూ ఆగి వాడికి చెప్పాలి, "నువ్వు పడుకో, మేం చూసుకుంటాం" అని. మొదటిసారి మా ఇంటాయన ఆ మాట చెప్తా ఉంటే నడవలో ఆరిండ్ల వాళ్ళూ నవ్వినారు. ఇప్పుడు వాళ్ళు కూడా కుక్కర్ పెట్టే ముందు ఒకసారి మా గుమ్మంలోకి తొంగి చూస్తారు.

పూర్తిగా మారలేదు, అబద్ధం చెప్పను. పేపరోడంటే ఇప్పటికీ పడదు. కానీ పగలు వాడు గురక పెడితే మేమే మెల్లగా నడుస్తాము.

కాంపౌండరన్న ఒకరోజు ఫోన్ చేసినాడు. కొత్తగా వచ్చిన కుక్కలు బెదిరితే కొంచెంసేపు కూర్చోడానికి అక్క వస్తుందా అని. మా అత్త "నాకు వేరే పని లేదా?" అనింది. మరుసటి రోజు ఎనిమిదికే తల దువ్వుకొని బస్టాపులో ఉండాది. వారానికి మూడు రోజులు పోతుంది. వచ్చినాక కుక్కల సంగతులతో కాదు, కుక్కల యజమానుల సంగతులతో వస్తుంది. "ఆ బెంగుళూరామె కుక్కను వదిలి గేటు దగ్గర ఒకటే ఏడుపు. నేనే చెప్పినాను, నువ్వు పోమ్మా, నీ ఏడుపుకే అది భయపడేది అని." కంచె పక్కన గంటసేపు దాక్కున్న మనిషి ఈ మాట చెప్పేటప్పుడు రెప్ప కూడా వేయలేదు.

పోయిన నెలలో కృష్ణగిరిలో మా ఇంటాయన బంధువుల ఇంట్లో చెవులు కుట్టే ఫంక్షను. రెండు రోజులు. వాడిని బాగలూరులో వదిలేసి పోయినాము. బంతిలో కూర్చున్నాక ఎవురో ముసలామె మా అత్తను అడిగింది, "ఇంట్లో ఎవురిని వదిలిపెట్టి వచ్చినారమ్మా?"

"మా పిల్లోడు హాస్టల్లో ఉండాడు" అనింది మా అత్త, అప్పడం విరుస్తా.

"అట్లనా! ఏం చదువుతా ఉండాడు?"

"చదువు అబ్బలేదు తల్లీ. బుద్ధులు మాత్రం బాగా వచ్చినాయి. టయానికి తింటాడు, టయానికి పడుకుంటాడు, పిలిస్తే వస్తాడు."

ముసలామె కండ్లు పెద్దవైనాయి. "ఈ కాలంలో అట్లాంటి పిల్లోడా?" అని ఆకు పక్కకు జరిపి, మా అత్త వైపు తిరిగి కూర్చుంది. "మా మనవరాలు ఉండాది, డిగ్రీ అయిపోయింది..."

నేను పాయసం వడ్డించే ఆయన్ను గట్టిగా కేక వేసి పిలిచినాను.